ఎడమవాటం తీగలు

గిటారుకి తీగలు ఎక్కించడం నేను ముచ్చటపడి నేర్చుకున్న పని కాదు. మా ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు చెరకు గానుగలో పోయాయి కాబట్టి నేర్చుకున్నాను. అరవై ఎనిమిదో, ఆ పక్క సంవత్సరమో. ఆమదాలవలసకి కాస్త ఎడంగా మా ఊరు. బెల్లం వండే రోజులు. గానుగలోకి గడలు తోస్తూ ఎద్దుల్ని అదిలించడానికి పక్కకి తిరిగాడు, అంతే. చూపుడువేలూ నడిమి వేలూ సగానికి తెగిపోయాయి. గిటారు మీద తీగలు నొక్కేది ఆ చేత్తోనే.

ఆ గిటారు ఒక రైల్వే గార్డుది. ధాన్యం బస్తాలు బండి మీద స్టేషనుకి తోలుకెళ్ళినప్పుడల్లా మా ఆయన ఆ గార్డు పక్కన చేరి వాయించడం నేర్చుకున్నాడు. గార్డు బదిలీ మీద వెళ్ళిపోతూ దాన్ని ఈయనకే ఇచ్చి వెళ్ళాడు. తర్వాత చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో పాటల పార్టీతో కలిసి వాయించేవాడు. పొలంలో పిలిచినా పలకని మనిషి, అది ఒళ్ళో ఉంటే చాలు, నవ్వుతూ కబుర్లు చెప్పేవాడు. నేను ఇష్టపడ్డది ఆ నవ్వే మనిషిని. గానుగ దగ్గర్నుంచి తిరిగి వచ్చింది వేరే ఎవరో. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, పెట్టింది తిని, మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. ఇక ఇంతేనా, బతుకంతా ఈ మనిషితోనేనా అని నాకు భయం వేసేది.

భయపడటానికైనా తీరిక ఉండాలి కదా. కట్టు మార్పించడానికి బస్సెక్కించి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వచ్చాక గేదె పని, వంట పని, మా అత్త మోకాళ్ళకి నూనె రాసే పని. ఆ రోజుల్లో నన్ను ఎవరైనా ఏం కావాలని అడిగి ఉంటే, కాసేపు నడుం వాల్చాలి అనేదాన్ని. అంతకు మించి కోరికలేవీ గుర్తులేవు.

ఒకరోజు నేను వంకాయలు తరుగుతున్నాను. నాది ఎడమచేతి వాటం. మా అత్తకి అది చూస్తే ఒళ్ళు మంట. "ఆ సేత్తో కోసిన కూర ఎలగ తినీది?" అని రోజూ అనేది, రోజూ తినేది. అప్పుడే మా ఆయన గోడవైపు నుంచే అన్నాడు.

"దాన్ని అటక మీద పడీయే. నాకు కనపడకూడదు."

గోడకి చేరేసిన గిటారు గురించి. నాకు విసుగొచ్చింది. "అటు తిప్పి పట్టుకో మావా," అన్నాను. "కుడిసేత్తో నొక్కు, ఎడంసేత్తో మీటు. మీటడానికి బొటనేలు ఉన్నాది కదా."

"తిప్పితే తీగలు తల్లకిందులైపోతాయే. లావు తీగ కిందకొచ్చేస్తాది."

"అయితే తీగలు కూడా మార్చీ. నా కొడవలికి పళ్ళు అటేపు కొట్టించుకోనేదేటి?"

నిజమే మరి. ఊళ్ళో అందరి కొడవళ్ళూ కుడిచేతి వాళ్ళకే. నేను కాపురానికి వచ్చిన ఏడాది కోతల్లో నా చేతికి పరక తెగక నవ్వులపాలయ్యాను. కమ్మరి నా కోసం పళ్ళు అటువైపు కొట్టి ఇచ్చాక నా వరసే అందరికన్నా ముందు. ఆ మాట విని ఆయన ఇటు తిరిగాడు.

పెట్టెలో కొత్త తీగలు ఒక్క సెట్టు ఉన్నాయి, పెళ్ళిళ్ళ కోసమని విజయనగరంలో కొన్నవి. ఒకటి తెగితే మళ్ళీ అంత దూరం వెళ్ళి తెచ్చే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. తీగ ఎక్కించడానికి రెండు చేతులూ కావాలి. ఆయన చెబుతుంటే నేను చేశాను. ముందు పాత తీగలు వదులు చేసి, వంటింటి పటకారుకి గుడ్డ చుట్టి, బ్రిడ్జి మీది పిన్నుల్ని ఒక్కొక్కటే పైకి లాగాను. బ్రిడ్జి అంటే గిటారు పొట్ట మీద అడ్డంగా అంటించిన చెక్క. దానికి ఆరు చిల్లులు, ఒక్కో చిల్లుకి ఒక పిన్ను. తీగ చివర ఉన్న చిన్న ఇత్తడి గుండుని చిల్లులో వేసి, పిన్నుతో బిగించాలి.

బిగించాననే అనుకున్నాను. అవతలి చివర తీగని లాగిపట్టే మర తిప్పుతుంటే పిన్ను ఎగిరి నా బుగ్గకి తగిలింది.

"గుండు పిన్ను కొన మీద కూసున్నాదే. పిన్ను నొక్కుతూ తీగని మీదకి లాగాల. గుండు పక్కకి జరిగి సెక్కకి ఆనుకుంటాది. అప్పుడు రాదు."

గానుగ దగ్గర్నుంచి వచ్చాక ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నేను బుగ్గ రుద్దుకుంటూ మళ్ళీ మొదలుపెట్టాను. లావు తీగని పాత సన్న తీగ చిల్లులో పెడితే పిన్ను దిగలేదు. కత్తిపీట మీద పిన్నుని కొద్దికొద్దిగా గీకి దింపాను. పైన మెడ దగ్గర తీగ కూర్చునే గాడి కూడా చాలకపోతే ఆకురాయితో అరగదీశాను. అటు పక్కన సన్న తీగ వెడల్పు గాడిలో గలగలమంటే అగ్గిపెట్టె అట్ట మడిచి కింద పెట్టాను. అంతా అయ్యేసరికి పొద్దు వాలింది, గేదె అరుస్తోంది, నా నడుం నాది కాదు.

మర్నాటి నుంచి ఆయన వాయించడం, మేము భరించడం. కుడిచేతి వేళ్ళకి ఏమీ తెలియదు. పలుపూ కర్రా పట్టిన వేళ్ళు అవి, ఒక తీగ నొక్కబోయి రెండు నొక్కేవి. మా అత్త వీధి అరుగు మీదకి మకాం మార్చింది. కొన్నాళ్ళకి ఆయనే విసిగిపోయాడు.

"తీగలు తీసీయే. ఇది నా వల్ల కాదు."

"ఓపిక నేదు మావా. రేపు తీస్తాన్లే."

రేపు కూడా అదే మాట అడిగాడు, నేనూ అదే చెప్పాను. ఊడ్పులు వచ్చాయి. పొద్దంతా బురదలో వంగి, ఇంటికొచ్చి పొయ్యి రాజేస్తుంటే మళ్ళీ అదే గొడవ. తీసీయే, రేపు, తీసీయే, రేపు. తీసేద్దామనే అనుకునేదాన్ని. అన్నం తిన్నాక కూర్చున్నచోటే నిద్ర వచ్చేసేది.

కోతలకి ముందు ఒక సాయంత్రం పాలు పితుకుతున్నాను. లోపల్నుంచి పాట వినపడింది. పెళ్ళికూతుర్ని పీటల మీదకి తెచ్చేటప్పుడు ఆయన వాయించే పాట. రెండుచోట్ల తడబడింది కానీ చివరిదాకా వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళి ఏదైనా అనాలనుకున్నాను. గేదె పొట్టకి తల ఆనించి, అక్కడే కాసేపు కళ్ళు మూసుకున్నాను.

మళ్ళీ పెళ్ళిళ్ళకి పిలుపులు వచ్చాయి. ఒకచోట వాయించాక అందరూ చేతిని చూసి ఆశ్చర్యపోతుంటే, ఈయన నన్ను చూపించి, "ఇదిగో, ఇది తీగలు తియ్యనిచ్చింది కాదు. దీని పట్టుదలే," అన్నాడు. నాకు నవ్వూ చిరాకూ కలిసి వచ్చాయి. ఇంటికి వస్తూ బండిలో నిజం చెప్పేశాను.

"పట్టుదలా పాడా. ఓపిక నేక తియ్యనేదు మావా."

ఆయన ఎద్దుల్ని అదిలించాడు.

"నాకు ఒక సెయ్యి బాగానే ఉన్నాది కదే," అన్నాడు. "పటకారు గూట్లోనే ఉండీది. పిన్ను పీకడానికి ఒక్క సెయ్యి సాల్దా?"