కరుణమ్మ కోళ్ల కింది చక్రాలు

మా బళ్లారిలో ఒక పికప్ బండి కోడిపిల్లల్ని పొదిగింది.

నవ్వకండి. నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి. అబద్ధమాడితే సిస్టర్లు ఇసుకలో మోకాళ్ల మీద నిలబెట్టేవారు. వాన వచ్చే ముందు ఆ మోకాళ్లు ఇప్పటికీ నొప్పి పెడతాయి. ఈ పూట కూడా కొంచెం లాగుతున్నాయి కనుక మాట సర్దుకుంటాను. బండి మొత్తం పొదగలేదు. దాని చక్రాల్లో కూర్చున్న కోళ్లు పొదిగాయి. బండి చేసిందల్లా ఒక సాయంత్రం గుడ్లకు కాసింత వెచ్చదనం ఇవ్వడమే. కానీ ఆ వెచ్చదనం లేకపోతే పిల్లలూ లేవు. అందుకని మొదటి మాటను పూర్తిగా వెనక్కి తీసుకోను.

బండి సైలస్‌ది. మా కంటోన్మెంటు చర్చి సంఘంలో పుట్టి పెరిగినవాడు. వయసులో ఉన్నప్పుడు సండూరు గనుల నుంచి ఖనిజం లారీ తోలాడు. ఆ క్యాబిన్‌లో కూర్చుంటే లోకమంతా అతని మోకాళ్ల కింద ఉండేది. తర్వాత గనులు మూతపడ్డాయి. లారీలు రోడ్డు పక్కన వరసగా నిలిచిపోయాయి, వాటి టైర్ల చుట్టూ ముళ్లకంప మొలిచింది. సైలస్ వచ్చి ఇంటి ముందున్న పొట్టిగోడ మీద కూర్చున్నాడు.

కూర్చున్నాడంటే ఒక పూటో రెండు పూటలో కాదు, ఏళ్లు. కాఫీ తాగి వచ్చి కూర్చుంటే భార్య డెబోరా అన్నానికి పిలిచేదాకా అక్కడే. దారిన పోయేవాళ్లు మొదట్లో పలకరించేవారు. తర్వాత గోడను చూసినట్టే అతన్నీ చూసి పోయేవారు. డెబోరా జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో పనిచేసి ఇల్లు నడిపింది. చివరికి ఆమె కూడబెట్టిన దానితోనే ఒక పాత పికప్ వచ్చింది. దానితోపాటు ఒక పనీ దొరికింది. చిదానంద అనే వంట కాంట్రాక్టరు కంటోన్మెంటులో వండించిన అన్నం, సాంబారు మళ్లీ తెరిచిన గనిలోని కూలీలకు మధ్యాహ్నానికల్లా సండూరు కొండ మీద అందించాలి. సైలస్ గోడ దిగాడు.

అంతటితో ఆగి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు. కానీ లారీ ఎక్కినవాడికి పికప్ నేల మీద కూర్చున్నట్టుంటుంది. ఘాట్ రోడ్డులో ముందూ వెనకా ఖనిజం లారీలు. వాటి ఎర్రదుమ్మంతా అతని ముఖానికే. ఒకరోజు సండూరులో పాత జీపులు విప్పి అమ్మేచోట నాలుగు పెద్ద చక్రాలు చూశాడు. చేతిలో ఉన్నదంతా అక్కడ పెట్టి వాటిని తెచ్చి బిగించాడు. బండి జానెడు లేచింది. డెబోరా చీర పట్టుకొని ఎక్కలేక, "నిచ్చెన గూడా తెచ్చింటే బాగుండు" అంది. సైలస్ మాత్రం మళ్లీ రాజాలా కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే మా కోత పండుగ వచ్చింది. ఆ ఆదివారం సంఘంలో ప్రతి ఇంటివాళ్లూ తమ కష్టంలో మొదటిది దేవుని బల్ల ముందు పెడతారు. రైతు జొన్న కంకులు తెస్తాడు, ఇంకొకరు గుమ్మడికాయ, ఇంకొకరు కోడిపుంజు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. ఇచ్చినవాడు ఇచ్చింది మర్చిపోవాలి. దాన్ని మళ్లీ అడగడం మాట అటుంచి, ఎవరు కొన్నారని తొంగి చూడడం కూడా మాలో తప్పు. ఆ పండుగకు సైలస్ తన బండి పాత చక్రాలు నాలుగూ కడిగి, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయల మధ్య దొర్లించుకుంటూ తెచ్చి పెట్టాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. వేలంలో కప్పగల్లులో గుడ్లు అమ్ముకునే కరుణమ్మ వాటిని పాడుకుంది. వేలం పాట పాడించినవాణ్ణి నేనే కనుక ఇంతవరకు ఒక్క మాట కల్పించలేదు.

ఆ తర్వాతి వారం నుంచి ఎడమవైపు ముందు టైరు రాసుకోవడం మొదలుపెట్టింది.

ఖాళీ బండికి ఏమీ లేదు. అన్నం డేగిసాలు ఎక్కగానే బండి కిందికి దిగుతుంది. ఘాట్‌లో పెద్ద మలుపు దగ్గర స్టీరింగు పూర్తిగా తిప్పగానే టైరు మడ్‌గార్డు లోపలి అంచుకు తగిలి గర్రుమంటుంది. పొగ లేస్తుంది. ఆ పొగ కింది సందుల్లోంచి టార్పాలిన్ లోపలికి దూరి సాంబారు మీద కూర్చుంటుంది. గనిలో కూలీలు తట్టలు పట్టుకొని వరసలో నిలబడి అడిగేవారు:

"ఏందప్పా సైలసూ, ఈ పొద్దు సాంబారు ట్యూబుదా, ట్యూబు లేనిదా?"

మొదట సైలస్ కూడా నవ్వాడు. తర్వాత ఒక రోజు సగం తట్టలు అలాగే వెనక్కి వచ్చాయి.

కంటోన్మెంటులో మెకానిక్ జీవన్ షెడ్డుకు పోయాడు. జీవన్ మడ్‌గార్డు అంచును సుత్తితో లోపలికి మడిచాడు. రెండు రోజులు బాగుంది, తర్వాత మళ్లీ గర్రు. లోపలి ప్లాస్టిక్ డొప్ప కోసి పారేశాడు. ఇప్పుడు రోడ్డు మీది బురద నేరుగా ఇంజను మీదికి వచ్చింది. చక్రం వెనక మందమైన ఇనుప బిళ్ల వేసి టైరును బయటికి జరిపాడు. లోపల తగలడం మానేసింది, బయటి అంచుకు తగలడం మొదలైంది. బండి కింది స్ప్రింగుల్లో కమాన్ పట్టీలు ఇంకో రెండు వేశాడు. బండి లేచింది కానీ గుంట గుంటకూ గుర్రంలా ఎగిరి, సాంబారు సగం దారిలోనే పడింది. చివరికి స్టీరింగు పూర్తిగా తిరగకుండా ఆపే బోల్టు బిగించాడు. టైరు తగల్లేదు. కానీ మలుపూ తిరగలేదు. సైలస్ మలుపు మధ్యలో ఆగి, వెనక్కి తీసి, మళ్లీ ముందుకు తిప్పుతుంటే కింద లారీలు వరసగా నిలిచి హారన్లు కొట్టాయి. అన్నం చేరేసరికి కూలీల విరామం అయిపోయింది.

ఆ సాయంత్రం చిదానంద కోప్పడలేదు. కోప్పడి ఉంటే సైలస్‌కు కొంత ధైర్యంగా ఉండేది.

"నోడప్పా, నీ మీద నాకు సిట్టేమీ లేదు. కూలోళ్లు తట్టలు ఎత్తి పారేస్తాండారు. సోమవారం ఒక్కటి చూస్తా. సరిగ్గా వస్తే సరి. లేదంటే బేరే గాడి పెట్టుకుంటా, అష్టే."

వేరే బండి పెట్టుకుంటాడు, అంతే. ఆ అంతే అన్న మాట సైలస్ చెవిలో ఉండిపోయింది.

"యాల అవస్థ పడతావప్పా?" అన్నాడు జీవన్. "ఈ చక్రాలు ఈ బండివి కావు. పాతవి యాడుండాయో తెచ్చెయ్, గంటలో మారుస్తా."

పెద్ద చక్రాలు వెనక్కి ఇద్దామంటే, రాసుకొని రాసుకొని వాటి పక్కలు చెక్కుకుపోయాయి, అమ్మినవాడు ముట్టనన్నాడు. ఇంకో నాలుగు కొనే దారి లేదు. పాతవి ఎక్కడున్నాయో సైలస్‌కు తెలుసు. కానీ అవి దేవుని బల్ల ముందుకు పోయి వచ్చినవి.

మర్నాడు సండూరు నుంచి వస్తూ కప్పగల్లులో ఆగాడు. కరుణమ్మ డెబోరాకు మేనత్త వరస. భర్త పోయాక కోళ్లతోనే బతుకుతోంది. కొట్టంలో సైలస్ చక్రాలు నాలుగూ పడుకోబెట్టి ఉన్నాయి. డిస్కు పళ్లెంలా గుంటగా ఉంటుంది కదా, అందులో గోనె, గడ్డి పరిచి ఉంది. ఒక్కో చక్రంలో ఒక్కో కోడి రెక్కలు విప్పుకొని పొదుగుతోంది.

"ఏం అల్లుడా, ఇట్ల వచ్చినావు?" అంది కరుణమ్మ.

సైలస్ నోరు తెరిచాడు. "గుడ్లకొచ్చినా అత్తా" అన్నాడు.

గుడ్లు తీసుకొని వచ్చాడు. మర్నాడూ ఆగాడు, మళ్లీ గుడ్లే తెచ్చాడు. డెబోరా గుడ్డు పులుసు చేసింది, గుడ్డు పొరటు చేసింది, చివరికి గంప అతని ముందు పెట్టి అడిగింది:

"ఏమయ్యా, నీకేమన్నా దయ్యం పట్టిందా? ఈ గుడ్లన్నీ నేను పొదగాల్నా?"

సైలస్ లేచి బయటికి పోయాడు. డెబోరా చేతులు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చి చూస్తే గోడ మీద కూర్చుని ఉన్నాడు. ఆమె గుడ్ల గురించి ఇంకేమీ అడగలేదు. "లెయ్యి, లోపలికి రా" అంది. "వస్తాలే" అన్నాడు. రాలేదు.

శనివారం గని నుంచి దిగి వస్తూ మూడోసారి ఆగాడు. ఆ రోజు కూడా సాంబారు ఆలస్యంగానే చేరింది. మధ్యలో ఆదివారం, ఆ తర్వాత సోమవారమే. బండి కరుణమ్మ వాకిట్లో ఆపాడు కానీ లోపలికి పోలేకపోయాడు. వాకిటి పక్క మట్టిగోడ మీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

కరుణమ్మ గుడ్ల గంపతో బయటికి వచ్చింది. ఆ గోడ మీద మనిషిని చూసి గంప కింద పెట్టేసింది.

"ఆడ కూకోవద్దు. లెయ్యి" అంది.

"అత్తా..."

"లెయ్యమంటాండా! మీ మామ లారీ ఆగిపోయినాక ఆ గోడ మీదనే కూకున్న్యాడు. రేపు పోతా, ఎల్లుండి పోతా అంటానే ఉన్న్యాడు. ఆడ్నుంచి నేరుగా మట్టిలోకే పోయినాడు. ఇంగొక మొగోణ్ణి ఆ గోడ మీద నేను సూడలేను. ఏం కావల్ల నీకు? గుడ్లు కాదని నాకు తెలుసు. వచ్చినప్పుడల్లా కోడి దిక్కు సూడవు, కోడి కిందికి సూస్తాండావు."

సైలస్ తల వంచుకొనే ఉన్నాడు. "దేవునికిచ్చినవి అత్తా. ఎట్లడగాల?"

"నువ్వడగల్యా. నేను వినల్యా" అంది కరుణమ్మ. "పెద్దవి నా కొట్టంలో పెట్టు, అవి తీసుకో. చక్రానికి చక్రం. ఊర్లో ఎవురికీ చెప్పగూడదు. ఇంగొక మాట. నా గుడ్డు ఒక్కటి సల్లబడినా నిన్నే గంప కింద మూసి పొదిగిస్తా."

పొదిగే కోడిని కదిలిస్తే బెదురుతుంది, గుడ్లు వదిలేస్తుంది. అందుకని కరుణమ్మ ఒక్కో కోడిని మెల్లగా ఎత్తి గంప కింద చీకట్లో మూసింది. మరి గుడ్లు? కొండ దిగి వచ్చిన బండి ఇంకా వేడిగానే ఉంది. పెనం చూసినట్టు బానెట్‌ను వెనకచేత్తో తాకి చూసింది. గోనె నాలుగు మడతలు పెట్టి పరిచి, దాని మీద గుడ్లు పేర్చి తన పాత చీర కప్పింది. సైలస్ జీవన్ ఇచ్చిన జాకీతో బండి లేపాడు. బానెట్ ఒక పక్కకు ఒరిగింది. గుడ్లు కదిలాయి. కరుణమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడి, "మెల్లగ! మెల్లగరా నీ జాకీ మన్నుగాను!" అని అరిచింది. ఒక చక్రం విప్పడం, గూటి చక్రం దులిపి బిగించడం, పెద్దదాన్ని కొట్టంలోకి దొర్లించి గడ్డి పరిచి, గుడ్లు పెట్టి కోడిని కూర్చోబెట్టడం. మళ్లీ ఇంకో మూల. పాత టైర్లలో గాలి దిగిపోయి ఉంటే చేతిపంపుతో కొట్టాడు. చొక్కా మొత్తం తడిసింది.

మూడు కోళ్లు బుద్ధిగా కూర్చున్నాయి. నల్లకోడి కూర్చోలేదు. కొత్త గూడు లోతు ఎక్కువని దానికి కోపం. సైలస్ చేతిని రెండుసార్లు పొడిచి బయటికి దూకింది. ఇంజను చల్లారిపోతోంది. కరుణమ్మ బానెట్‌ను మళ్లీ వెనకచేత్తో తాకి చూసింది. చివరికి అతను చక్రం పక్కనే బోర్లా పడుకొని, కోడిని గుడ్ల మీద పెట్టి, దాని కళ్లు రెండు అరచేతులతో మూసి ఉంచాడు. ఎంతసేపో తెలియదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. దేవుణ్ణి అడిగాడో, కోడిని అడిగాడో కరుణమ్మకు వినపడలేదు. కోడి మెల్లగా రెక్కలు దింపింది.

స్టీరింగును ఆపే జీవన్ బోల్టును సైలస్ ఆదివారమే విప్పేశాడు. సోమవారం ఘాట్‌లో పెద్ద మలుపు వచ్చింది. స్టీరింగు పూర్తిగా తిప్పాడు. గర్రుమనలేదు. వెనక లారీవాడు హారన్ కొట్టలేదు. సైలస్ మళ్లీ కిందనే కూర్చుని ఉన్నాడు, ఎర్రదుమ్ము మళ్లీ ముఖాన పడింది. తుడుచుకోలేదు. గనిలో చిదానంద స్వయంగా వచ్చి మూత తీసి, వాసన చూసి, గరిటెతో నాలుక్కి రాసుకున్నాడు.

"ఉప్పు కమ్మి అయింది" అన్నాడు. ఉప్పు తగ్గితే అది వంటవాడి తప్పు.

ఇదంతా నాకెలా తెలుసని మీరు అడగవచ్చు. నోరు మూసుకోమని కరుణమ్మ షరతు పెట్టింది సైలస్‌కు, తనకు కాదు. ఆమె నాకు కూతురి వరస, నేను ఆమె దగ్గరే గుడ్లు కొంటాను. నల్లకోడి గుడ్లలో రెండు మురిగిపోయాయట. మిగతావి పిల్లలయ్యాయి. గూళ్లు లోతుగా ఉన్నాయని, పిల్లలు ఎక్కి రావడానికి ఒక్కో చక్రంలో ఒక ఇటుక పెట్టింది. ఆ ఇటుకలు నేను కళ్లారా చూశాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులు వేసుకుంటున్న సైలస్‌ను గుమ్మం దగ్గర పట్టుకొని ఇదంతా మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. డెబోరా అటు తిరిగి నిలబడింది. సైలస్ చివరిదాకా విని, చెప్పు పట్టీ బిగించి లేచాడు.

"తాతా, నా బండికి పెద్ద చక్రాలు ఎప్పుడూ ఎయ్యల్యా. కప్పగల్లుకు నేను పోనే పోల్యా. నాకు గుడ్లంటే పడవు. దేవునికిచ్చినవి యాడుండాల్నో ఆడనే ఉండాయి. నువ్వు చెప్పింది ఒక్కటి గూడా జరగల్యా."