లైన్లో వచ్చిన నీళ్ళు

మండలాలు కొత్తగా వచ్చిన రోజుల్లో మా ఆయన పల్నాడులో ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా ఉండేవారు. నేను అదే ఊళ్ళో మిషన్ బడిలో టీచర్ని. ఆయన పని టెస్ట్ డెస్క్ దగ్గర. ఏ ఫోను మూగబోయినా, ఏ లైన్లో గరగర వినిపించినా, ఆ బల్ల ముందు కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ లైనుకు తీగ గుచ్చి వినేవారు. లోపం లోపల ఉందా, బయట స్తంభాల మీద ఉందా అని తేలేది అక్కడే.

అన్నిటికంటే ఎక్కువ సతాయించేది సాగర్ లైను. మా ఊళ్ళో ఉన్న కాలవల సబ్ డివిజన్ ఆఫీసుకు సాయంత్రం పూట డ్యాం దగ్గర నుంచి ఫోను వచ్చేది. కుడి కాలవకు నీళ్ళెప్పుడు వదులుతారు, దాని కింద పిల్లకాలవల్లో ఏ మేజరుకు ముందు ఇస్తారు, ఇవే మాటలు. ఆ లైను మధ్యలో తెగిపోతుండేది కాబట్టి, వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ మా ఆయన వింటూ కూర్చోవాలి. అదేమీ దొంగతనం కాదు, ఉద్యోగమే. లైను బాగుందో లేదో చూడాలంటే వినాలి. వినకుండా చూసే మిషను ఇంకా రాలేదు.

అయితే విన్నది విన్నచోట వదిలేసి రావాలి కదా. మా ఆయనకు ఆ అలవాటు లేదు. అన్నం కలుపుకుంటూ "మన మేజరుకు ఫలానా రోజు వదులుతున్నారంట" అనేవారు. నాకు ఎంత గొప్పగా ఉండేదో చెప్పలేను. కలెక్టరుగారి భార్యకు కూడా తెలియని సంగతి నాకు తెలిసినట్టు ఉండేది. మా అరుగు మీద వీధి వీధంతా చేరేది. అందరికంటే ముందు వచ్చేది ఎదురింటి మామయ్య. బంధువు కాదు, వరసకు మామయ్య. ఆయన పొలం కాలవ చివర ఉంది. పైనున్నవాళ్ళు తడుపుకుని వదిలితేనే ఆయనకు నీళ్ళు. ముందుగా కబురు తెలిస్తే, ఆ చివర ఆయనకొక్కడికే ఉన్న బావిలోని కాసిని నీళ్ళతో నారు పోసుకుని, కాలవ వచ్చేసరికి నాటుకు సిద్ధంగా ఉండేవాడు. ఆఫీసువాళ్ళు దండోరా వేయించేదాకా ఆగితే ఆయన వంతుకు బురదే మిగిలేది.

రెండు మూడు పంటలు ఇలాగే గడిచాయి. మామయ్య పంట బాగుంటే ఆ గొప్ప మాదే అన్నట్టు తిరిగేదాన్ని నేను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఆఫీసులో కొత్త ఇంజనీరు వచ్చాడు. కాలవ మీద తిరిగే తన లస్కర్లకు తెలియకముందే చివరి పొలాల వాళ్ళకు కబురు ఎలా తెలుస్తోందని ఆయనకు అనుమానం వచ్చింది. తెలివైనవాడే. ఎవరినీ అడగలేదు, అరవలేదు. అవతల డ్యాం దగ్గరివాళ్ళతో ముందే అనుకుని, ఒక సాయంత్రం సాగర్ లైన్లో నింపాదిగా ఒక అబద్ధం మాట్లాడాడు. వచ్చే వారం కుడి కాలవకు నీళ్ళు వదులుతున్నారని, ఈసారి మా మేజరుకే ముందని.

మా ఆయన విన్నారు. లైను ఆ రోజు అద్దంలా ఉందని మురిసిపోయారు కూడా. ఆ హెడ్‌ఫోన్‌లో గరగర పట్టుకోవచ్చు, పక్క లైను మాటలు కలిస్తే పట్టుకోవచ్చు. మాట్లాడేవాడు నిజం చెబుతున్నాడా, వినేవాడి కోసమే మాట్లాడుతున్నాడా అన్నది మాత్రం అందులో తెలియదు. ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

మామయ్య అరుగు మీదకు వచ్చాడు. "ఏంది అబ్బాయ్, కాలవ సంగతేమన్నా తెలిసిందా?"

మా ఆయన చెప్పారు. మామయ్య కొంచెం తటపటాయించాడు. "బావిలో నీళ్ళు చానా తక్కువున్నయ్యిరా. తేడా వస్తే నారు ఎండిపోద్ది."

లోపలి నుంచి నేను, అవును నేనే, కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, "మీకెందుకు మామయ్యా, ఈయన చెవులతో విన్నారు. ఇవాళే నానబోయండి" అన్నాను.

ఆ రాత్రే విత్తనం వడ్లు నానబోశారు. తరవాత మొలకెత్తడానికి మండె కట్టారు. మొలకెత్తిన వడ్లను మళ్ళీ గాదెలో పోయలేం, వండుకుని తినలేం. చల్లాల్సిందే. బావి అడుగు తోడి నారుమడి తడిపి చల్లారు. నారు పచ్చగా లేచింది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. కాలవలో చుక్క లేదు. మామయ్య రోజూ పొద్దున్నే గట్టు మీదకు వెళ్ళి చూసి వచ్చేవాడు. మా ఇంటి ముందు నుంచే నడిచేవాడు కానీ ఒక్కరోజు కూడా "ఏమైంది" అని అడగలేదు. అడిగితే ఎంత బాగుండేది. నేను బడికి పెరటి దారిన పోవడం మొదలుపెట్టాను. ఆదివారం చర్చిలో ప్రార్థన చేయబోతే ఆ ఎండిపోతున్న మడే కళ్ళలో మెదిలేది.

జీపులో ఇంజనీరు కాలవ చివరిదాకా వచ్చాడు. చుట్టుపక్కల మడులన్నీ బీడుగా ఉంటే ఒక్క మామయ్య మడిలోనే నారు చచ్చి పడి ఉంది. ఆయనకు కావాల్సిన జవాబు అక్కడే దొరికింది. ఆ సాయంత్రమే మా టెలిఫోన్ల పైఅధికారిని వెంటబెట్టుకుని వచ్చి మామయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. మామయ్య నోట మా ఆయన పేరు వస్తే చాలు, ఉద్యోగం పోయినట్టే. మా ఆయన వెనక గదిలో మంచం మీద కూర్చుండిపోయారు. నేను మా వీధి తలుపు వెనక నిలబడి వింటున్నాను. ఆ వేళ మా ఇంట్లో దొంగచెవి నాదే.

"నీళ్ళొస్తాయని నీకెవరు చెప్పారయ్యా?" అన్నాడు ఇంజనీరు.

"ఎవరు చెబుతారు సారూ. మబ్బు చూసి పోసుకున్నా."

"మబ్బెక్కడ పట్టింది ఈ నెలంతా?"

"అదే గదా సారూ, నేను మోసపోయింది."

పైఅధికారి బెదిరించాడు, బుజ్జగించాడు. మామయ్య ఆ మబ్బును వదల్లేదు. చివరికి ఇంజనీరు విసుగ్గా లేచి, "పట్టుకుందామని ఒక మాట అన్నాను గానీ, నిజంగా విత్తనం చల్లేస్తారనుకోలేదు" అన్నాడు. అది విని నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. మరుక్షణం, ఆ మాట పొలం దాకా మోసింది మేమే కదా అనిపించి ఆ కోపం కూడా చల్లారిపోయింది.

జీపు వెళ్ళగానే మా ఆయన ముఖం వికసించింది. "బతికిపోయామే! ఇంక ఒట్టు. లైన్లో ఆకాశం కూలుతుందని విన్నా సరే, ఇంటి దగ్గర నోరు విప్పను. నీకు కూడా చెప్పను."

"ఆయన విత్తనాలు పోయాయండీ" అన్నాను.

"నేనేమన్నా కల్పించానా? విన్నదే చెప్పాను" అని కంచం ముందు కూర్చున్నారు. ఆకలిగా తిన్నారు కూడా. నేను నా కంచం తీసి లోపల పెట్టేశాను. ఆయన తింటుంటే చూడటానికి కూడా సిగ్గుగా అనిపించింది.

మర్నాడు పొద్దున ఎదురింటికి వెళ్ళాను. మామయ్య ఎండిన నారు పీక్కొచ్చి గేదె ముందు వేస్తున్నాడు. ఏమనాలో ఇంటి దగ్గరే నాలుగైదుసార్లు అనుకుని వెళ్ళాను. తీరా ఆయన ముందు నిలబడేసరికి, "మామయ్యా, మావల్లే..." అని మాత్రం అన్నాను.

"ఊరుకో అమ్మాయ్. అబ్బాయినేమీ అనబాక" అన్నాడాయన చేతులు దులుపుకుంటూ. "వాడి పేరు చెప్పి వాడి ఉద్యోగం ఊడగొడితే నాకేమొస్తది? మీ అత్త తమ్ముడి కాడ విత్తనం బదులు తెస్తన్నా. ఈసారి నిజంగా నీళ్ళొదిల్నప్పుడు నాకు ముందుగా చెప్పేదెవరు, మీ ఆయన తప్ప?"

రాత్రి మా ఆయన వేసిన ఒట్టు నా చెవుల్లో ఉంది. ఆ మాట మామయ్యకు చెప్పాల్సింది, ఇక మమ్మల్ని నమ్ముకోవద్దని చెప్పాల్సింది.

"అలాగే మామయ్యా" అన్నాను.