పెన్సిల్ చుక్కలు

నా హాజరు పుస్తకంలో పెన్సిల్ చుక్కలు ఉండేవి. తనిఖీకి వచ్చినవాళ్ళెవరూ వాటిని పట్టించుకోలేదు. కనపడినా ఏదో మచ్చ అనుకుని ఉంటారు.

అల్లూరు దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేరిన కొత్తలో నాకంటే పెద్దాయన ఒకరు ఈ పద్ధతి నేర్పారు. చుట్టుపక్కల చెరువుల్లో రొయ్యల పట్టుబడి ఉన్న రోజున తల్లులతోపాటు పెద్ద తరగతుల ఆడపిల్లలు కూడా షెడ్డుకి పోతారు, తలలు తీసే పనికి. పోయిన ప్రతిసారీ ఆబ్సెంట్ వేస్తే హాజరు చాలక పదో తరగతి పరీక్షకు అడ్డం పడుతుంది. అందుకని హాజరు వేసేసి, ఆ గడి మూలన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకునేవాళ్ళం. చుక్క ఉన్న పిల్లని మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక కూర్చోబెట్టుకుని, పోయిన పాఠం చెప్పాలి. ఇది రూలుకి విరుద్ధమని నాకు తెలుసు. అయినా ఇరవై ఏళ్ళకు పైగా ఏ బెరుకూ లేకుండా చేశాను.

రెండేళ్ళ కిందట దసరా సెలవులయ్యాక, హాజరూ మార్కులూ అన్నీ కంప్యూటర్ షీటులోకి ఎక్కించాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. మండలంలో రెండు రోజుల శిక్షణ. నేను వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. పిల్లవాడి మొహం చూస్తే లెక్క వచ్చిందో లేదో చెప్పగలిగినవాడికి రంగుల గళ్ళతో పనేమిటని నా పొగరు. తిరిగొచ్చాక కావలి నుంచి బస్సులో వచ్చే మా సైన్సు టీచరును అడగక తప్పలేదు. ఆవిడ నా కూతురి వయసుది. ఓపిగ్గా నేర్పింది. నేను మాత్రం ఒక గడి చెరిగిపోతే మౌస్‌ని బల్లకేసి కొట్టేవాణ్ణి.

అయితే నేర్చుకున్నాక పిచ్చి పట్టింది. జూన్ నుంచి ఉన్న హాజరంతా రెండు రోజుల్లో నేనే ఎక్కించాను. ఒక్క సూత్రం రాస్తే నలభై మంది పిల్లల శాతాలు కిందకి జారుకుంటూ నిండిపోతుంటే, లెక్కల మాస్టారికి అంతకంటే సంబరం ఏముంటుంది? వచ్చిన రోజు గడి పచ్చ, రాని రోజు ఎరుపు; శాతానికీ అంతే. పాత పుస్తకం బీరువాలో పెట్టేశాను. చుక్కలు పెట్టడానికి షీటులో చోటు లేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టను కూడా లేదు. పట్టుబడి రోజుల్లో అలవాటుకొద్దీ ప్రెజెంట్ వేస్తూనే ఉన్నాను. చుక్క లేకపోయేసరికి మర్నాడు ఎవరికి పాఠం చెప్పాలో గుర్తుండేది కాదు. మధ్యాహ్నాలు షీటు ముందు కూర్చోవడంతో, చెప్పడమే మానేశాను.

నా పదో తరగతిలో, రెండో బెంచీలో ఒక పిల్ల ఉండేది. నేను బోర్డు మీద లెక్క పూర్తిగా రాయకముందే జవాబు నోట్లో పెట్టుకుని కూర్చునేది. అడిగితేనే చెప్పేది. కావలిలో ఇంటర్ ఎంపీసీ చదువుతానని తొమ్మిదో తరగతిలోనే నాతో అంది. వాళ్ళింట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి ఆ పిల్లే. ఈ పరీక్ష గట్టెక్కితే కాలేజీకి పంపుతానని వాళ్ళమ్మ మాటిచ్చింది. గట్టెక్కకపోతే షెడ్డే.

డిసెంబరులో షీటు చూసి పిల్లల్ని గుంపులు చేశాను. హాజరు తక్కువ ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, పోయిన పాఠాలు మళ్ళీ చెప్పాలి. హాజరు బాగుండి మార్కులు రానివాళ్ళకి ఎక్కాలు, భిన్నాల నుంచి మొదలెట్టాలి. ఆ పిల్ల హాజరు తొంభై ఆరు శాతం. మార్కులు మూడు పరీక్షల్లోనూ దిగిపోతూ వచ్చాయి. షీటు ఆ పిల్లను రెండో గుంపులో పడేసింది, నేను సరేనన్నాను. త్రికోణమితి చేయవలసిన పిల్లని ఎక్కాలు వల్లించేవాళ్ళ పక్కన కూర్చోబెట్టాను. ఆ పిల్ల నా వైపు ఒకసారి చూసి, పలక తీసుకుంది.

తల్లిదండ్రుల సమావేశం రోజు వాళ్ళమ్మకి కంప్యూటర్ చూపించి మరీ చెప్పాను, మీ అమ్మాయి రోజూ వస్తోంది గానీ తలకెక్కడం లేదు అని. ఎంతో వివరంగా, ఎంతో నమ్మకంగా చెప్పాను. ఆవిడ పచ్చ గళ్ళ వంక చాలాసేపు చూసి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

సంక్రాంతి సెలవులయ్యాక ఆ పిల్ల రాలేదు. వారం దాటాక సైన్సు టీచరు నా దగ్గరకొచ్చి, పట్టుబడి లేని రోజు కూడా ఆ అమ్మాయి రావడం లేదు, మీరు గమనించారా అని అడిగింది. లేదని చెప్పడానికి సిగ్గేసింది. ఏదో అనుమానంతో బీరువా తీసి పాత పుస్తకం బయటికి లాగాను. ఆ పిల్ల వరసలో వేలు పెట్టి జరుపుకుంటూ పోయాను. జూలైలో చుక్కలు, ఆగస్టులో చుక్కలు, సెప్టెంబరులో అయితే దాదాపు వారానికి రెండు. అన్నీ నేను పెట్టినవే. నా చేత్తో రాసిన అబద్ధం రంగులు పూసుకుని తిరిగొస్తే, అదే నిజమని నమ్మి, ఒక తెలివైన పిల్లని మొద్దని తేల్చేశాను. నా మీద నాకే అసహ్యమేసింది.

ఆ సాయంత్రమే షెడ్డుకి వెళ్ళాను. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఆ పిల్ల వాళ్ళమ్మ పక్కనే ఉంది, మంచునీళ్ళకి వేళ్ళు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది. బడి ఎందుకు మానేశావమ్మా అని అడిగాను.

"రోజూ వస్తా ఉన్నా తలకెక్కడం లేదని మాయమ్మకి చెప్పినారంట గదా సార్" అంది. "నేను రాని రోజులు మీకు తెలుసు గదా, చుక్కలు పెట్టేది మీరే గదా. తెలిసి కూడా మీరు అట్టా అన్నారంటే, నిజంగానే నాకు రాదేమో అనుకున్నా."

అందరూ వినేటట్టే, తప్పు నాది, నీకు లెక్కలు వస్తాయి అన్నాను. పనిచేస్తున్న చేతులు కొన్ని ఆగాయి.

వాళ్ళమ్మకి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. "రాదని చెప్పింది మీరే, వస్తాదని చెప్పేదీ మీరే. మేం ఏ మాట నమ్మాల సార్?" అని మళ్ళీ పనిలో పడింది.

ఆ తర్వాత వాళ్ళింటికి నాలుగుసార్లు వెళ్ళాను, హెడ్మాస్టరు గారిని ఒకసారి తీసుకెళ్ళాను. ప్రతిసారీ మంచినీళ్ళిచ్చి మర్యాదగానే మాట్లాడారు. పిల్ల మాత్రం పరీక్షకు రాలేదు. పైఏడు రాయిస్తామని తల్లి అంది. ఆ పైఏడు కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు షీటు చివర నేను ఒక నిలువు వరస కలుపుకున్నాను, దాని పేరు చుక్క. అది ఎలా కలపాలో కూడా ఆ సైన్సు టీచరే చూపించింది. మధ్యాహ్నం పాఠాలు మళ్ళీ చెబుతున్నాను.

ఆ ఏడాది షీటుని దిద్దబోతే కుదరలేదు. పైకి పంపేశాక ఆ నెలల గళ్ళు మార్చడానికి వీల్లేకుండా మూసుకుపోతాయట. ఒక్కోసారి తెరిచి ఆ పిల్ల వరస చూస్తుంటాను. సంక్రాంతి తర్వాత బడి తెరిచిన మొదటి రోజు గడి కూడా పచ్చగానే ఉంది. ఆ పిల్ల చదువు మానేసింది ఆ రోజే. పట్టుబడికి పోయి ఉంటుందిలే అనుకుని, తలెత్తి రెండో బెంచీ వైపు చూడకుండానే ప్రెజెంట్ వేశాను.