కనకమ్మకు దక్కిన జెండా తాడు

నార్తాంప్టన్ తెలుగు సంఘంల ఒక కట్టుబాటు ఉన్నది. ఆగస్టు పదిహేను నాడు హాల్ల ఉన్నోళ్లల్ల ఎవరు పెద్దోళ్లో వాళ్లే జెండా ఎగరేయాలె. నిరుటి దాకా ఎగరేసిన సావిత్రమ్మ కూతురు దగ్గరికి వాట్‌ఫర్డ్ పోయింది. ఇగ వంతు కనకమ్మకు వచ్చింది. వారం దినాలు ఆ ముసలామె కాలు నేల మీద ఆగితే ఒట్టు!

ఎట్లాగుతది? చిన్నప్పుడు ఊరి బడిల మూడేండ్లు చదివింది. తాడు గుంజేది హెడ్‌మాస్టరే, పూలు రాలేది ఆయన నెత్తి మీదనే. కనకమ్మకు దక్కింది ఒక్క పిప్పరమెంటు బిళ్ల. అప్పటి సంది కడుపుల దాచుకున్న కోరిక అది. ఇప్పుడు మనుమరాలు సహస్రది డ్రెస్సింగ్ గౌను బెల్టు తీసి, కర్టెన్ రాడ్‌కు కట్టి గుంజుడు నేర్చుకుంది. రాడ్ ఊడి పడ్డది. "నానమ్మా, స్టాప్ ఇట్!" అని పిల్ల మొత్తుకుంటే పడీపడీ నవ్వింది.

ఆమె తర్వాతి పెద్ద జగన్మోహన్. కోస్తా మనిషి, రిటైరైన జీపీ డాక్టరు. తాడు మీద ఆయనకూ కన్నున్నది గాని, పాస్‌పోర్టు ప్రకారం కనకమ్మ ఆర్నెల్లు పెద్ద. అందుకే ఐదేండ్ల సంది "అక్కగారూ" అని పిలుస్తడు.

ఆ దినం రానే వచ్చింది. సంఘం సెక్రటరీ స్రవంతి మైకు అందించింది. "ఆంటీ, తాడు లాగే ముందు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల గురించి మీ పెద్దవాళ్లు చెప్పింది రెండు ముక్కలు చెప్పండి." చేతికి మైకిస్తే కనకమ్మ ఊకుంటదా?

"మాకేడి ఆగస్టు పదిహేను బిడ్డా! దేశమంత మిఠాయిలు పంచుకుంటుంటే మా దిక్కు ఇంక నిజాం రాజ్యమే. మాకు జెండా వచ్చింది మరుసటేడు సెప్టెంబర్ పదిహేడు నాడు. మా అయ్య జెండా పట్టుకొని ఊరంత ఎగురుకుంట తిరిగి ఇంటికొస్తే, నేను అప్పుడే పుట్టి కేరుమంటున్ననట! జెండను చూరుల చెక్కి నన్ను ఎత్తుకున్నడట!"

హాలంత చప్పట్లు. జగన్మోహన్ మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టి లేచిండు.

"ఆగండాగండి! అలాగైతే ఈవిడ నాకంటే ఏడాదిన్నర చిన్నదండీ!"

కనకమ్మ నాలుక కరుచుకుంది. పాస్‌పోర్టుల ఉన్న ఏడాది, జూలై ఒకటి అన్న తారీఖు రెండూ ఏజెంటు అందాజుగ రాసినయే. ఆ కాలపోళ్లు సగం మంది కాయితాల మీద జూలై ఒకటి నాడే పుట్టిండ్రు! తన నోరే తన కొంప ముంచింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అయినా కట్టుబాటు కట్టుబాటేనాయె. తాడు తీసి డాక్టరు చేతుల పెట్టింది.

ఆయన లాగిండు. పూలు రాలినయి. సెల్యూట్ కొట్టి సక్కగ ఆమె దగ్గరికే వచ్చిండు.

"చెల్లెమ్మా, నాకు స్వాతంత్ర్యం వచ్చింది ఆగస్టులో, నేను లాగాను. నీకు వచ్చింది సెప్టెంబర్ పదిహేడున. నీ తాడు నువ్వు లాగొద్దూ?"

సెప్టెంబర్ పదిహేడుకు హాలు దొరకలే. అయితేంది? కొడుకు నర్సింహ పెరట్ల బట్టలారేసే స్తంభం లేదా! తుంపర పడుతుంటే పది గొడుగులు పోగైనయి. డాక్టరు గులాబీ రేకులు తెచ్చి, జెండల మడిచి, తనే ముడి వేసిండు.

కనకమ్మ గుంజింది. తడి రేకులు నెత్తి మీద, ముక్కు మీద, నోట్లె పడ్డయి. "హ్యాపీ బర్త్‌డే, నానమ్మా!" అని సహస్ర అరిచింది. డెబ్బై ఏడేండ్లల్ల అసలు తారీఖు నాడు ఆ మాట ఇనుడు అదే మొదలు. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో ఆమెకే తెలుస్తలేదు.

"అమ్మా, తడుస్తున్నవ్. లోపటికి దా, చాయ్ చల్లారుతది" అన్నడు నర్సింహ.

"చల్లారనీ రా! డాక్టరన్నా, ముడి మళ్ల కట్టు. ఇంకొక్కసారి గుంజుత!"