టిప్పర్ బాడీ లేవకపోతే జాకీ విప్పిన కథ

ఈ మాట ఇప్పటిదాంక నోరు తెరిచి ఎవ్వరికీ చెప్పలే. మా బాపు టిప్పర్ పంపు మంచిగనే ఉండె. బాడీని లేపే జాకీ గూడ మంచిగనే ఉండె. ఖరాబైంది నా బుర్ర!

మాది ఉప్పుగూడ. బాపు టిప్పర్‌ల మల్బా కొడతడు. కూలగొట్టిన ఇండ్ల రాళ్లు, మట్టి. నేను ఫోన్‌ల వీడియోలు చూసి పానాలు పట్టుడు నేర్చుకున్న. బ్రేకులు, క్లచ్ అన్నీ నేనే చూస్త. మస్తు ధైర్యం నాకు.

బోనాలైనంక మొదటి లోడు. బాపు లివర్ లాగిండు. పంపు గుయ్యిమంది, బాడీ జానెడు గూడ లేవలే. మల్బా అంత పారలతోని దించిండ్రు పాపం.

ఇంటికొచ్చి యూసుఫ్ భాయ్‌ని పిలిచిండు బాపు. మా పాత మెకానిక్. పోయిన నెలనే జాకీల ఆయిలు కారకుండ ఆపే సీలు మార్చిండు. నేను అడ్డం నిలబడ్డ. "నేను చేస్త భాయ్."

ఆయన నవ్విండు. "అచ్ఛా ఇంజనీర్ సాబ్! పహ్లే ఆంఖోఁ సే దేఖో, ఫిర్ పానా ఉఠావ్." ముందుగాల కండ్లతోని చూడు, తర్వాత పానా పట్టు అని.

"చూసిన భాయ్. మీరేసిన సీలే లీకైతుంది."

బాపు ముంగటనే అన్న. ఆయన చేతులు తుడుచుకొని పోయిండు. "ఇగ ఆయనను పిలువద్దు బిడ్డా" అన్నడు బాపు.

జాకీ విప్పిన. ఆయిలంత గల్లీల పారింది. పక్కింటి లక్ష్మత్త కాలు జారబోయి గోడ పట్టుకుంది. "ఏందే, ఆయిల్‌తోని అలుకు చల్లినవా?"

పాత సీలు చూస్తే కొత్తదాని లెక్క మెరుస్తుంది. గక్కడనే ఆగాలె. నేనాగుతనా! ఇంకోటి ఎక్కించి, మల్ల ఆయిలు పోసి లివర్ లాగిన. ఊహూఁ.

అయితే ప్రెజర్ సాల్తలేదన్నమాట! ప్రెజర్ ఎక్కువైతే ఆయిల్‌ను వాపస్ పంపే వాల్వు ఒకటుంటది. దాన్ని ఇంకో చుట్టు బిగించిన. లివర్ లాగిన. ఢాం! పైపు పగిలి, లక్ష్మత్త ఆరేసిన దుప్పటి నిండ ఆయిలు.

"ఉతికిస్త అత్తా!"

"ముందుగాల నిన్ను ఉతకాలె!"

ఆయిలు తుడుసుకుంట, క్యాబిన్ ఎనక మడిచి పెట్టిన టార్పాలిన్ ఎత్తిన. దాని కింద గొలుసు! బాడీని కింది చట్రానికి రెండు చుట్లు కట్టి, బోల్టు బిగించి ఉంది. మీద పసుపు, ఎండిన యాపరెబ్బ.

లాల్‌దర్వాజా బోనాల ఊరేగింపుల డప్పులోళ్లు టిప్పర్ ఎక్కిండ్రు. ఎవరి కాలన్న లివర్‌కు తగిలి బాడీ లేస్తదని, "గట్టిగ కట్టు బిడ్డా" అన్నడు బాపు. కట్టింది నేనే, విప్పుడు మర్చిపోయింది నేనే. ఎంత గట్టిగ? జాకీ గూడ ఓడిపోయేటంత. ఫొటో దిగి స్టేటస్ గూడ పెట్టిన!

గొలుసు విప్పిన, వాల్వు మల్ల సరిజేసిన, కొత్త పైపేసిన. బాడీ లేచింది. "శభాష్! యూసుఫ్ చెడగొట్టింది నువ్వు బాగుజేసినవ్" అన్నడు బాపు. నేను నవ్విన. గంతే.

నిన్న సంతోష్‌నగర్‌ల యూసుఫ్ భాయ్ కలిసిండు. "బేటీ, నా సీలే ఖరాబా నిజంగ? ఆ డబ్బాల సీళ్లన్నీ పక్కకు పెట్టిన. ఎవ్వరికీ ఎయ్యలే" అన్నడు. కోపం లేదు, అనుమానం లేదు. నా మాట నమ్మిండు.

జాకీ ఒక్కదాన్నే మోసిన, ఈ ఫోన్ మొయ్యొస్తలేదు. అయినా యూసుఫ్ భాయ్‌కు ఫోన్ చేస్త, నిజం చెప్త. బాపుకు గూడ చెప్త. ఏ పార్టు ఖరాబైందని అడుగుతడు. గొలుసు కట్టిన పార్టు అని చెప్త.

ముందుగాల కండ్లతోని నంబరు మంచిగ చూసుకున్న. ఇగ నొక్కుతున్న.