బ్యాట్లున్నాయి, బంతి లేదు

ఈ సాయంత్రం మా అన్న కూతురు లావణ్యతో తిరుపతిలో ఒక ఆటవస్తువుల అంగడికి వెళ్లాను. ఆదివారం జిల్లా బేస్‌బాల్ జట్టుకు ఎంపికలు. కాలేజీ బ్యాట్ బరువు ఎక్కువ కావడంతో, ఆ పిల్ల దాన్ని తిప్పేలోపే బంతి దాటిపోతోంది. తేలికైనది కొనుక్కోమని కోచ్ చెప్పారట.

అంగడి మూలన ఒక డ్రమ్ము నిండా బ్యాట్లున్నాయి. లావణ్య ఒక్కొక్కటీ ఎత్తి, ఊపి చూసి, తిరిగి పెట్టేసింది.

"తేలికది లేదా అన్నా?" అని అంగడాయన్ని అడిగింది.

"తేలికది ఎవురు కొంటారమ్మా? కారు సీటు కింద పెట్టుకునేదానికి అందరూ బరువైందే అడగతారు. ఇది సూడు, ఒక్క దెబ్బ సాలు."

"బంతికా, మనిషికా?" అన్నాను.

అంగడాయన నవ్వినాడు. "బంతి యాడుండాది సార్? ఇంతవరకు అడిగినోళ్లే లేరు."

నిజంగానే లేదు. అరలన్నీ చూశాను, బేస్‌బాల్ గ్లవ్ కూడా లేదు. ఇన్నేళ్ల విలేకరి ఉద్యోగంలో ఈ బ్యాట్లను నేను చూసింది పోలీస్ స్టేషన్ బల్లల మీద, కేసు నంబరు చీటీతో. అవి అక్కడికి ఎలా చేరతాయో ఆయన అంత మామూలుగా చెబుతుంటే అసహ్యమేసింది.

లావణ్య ఏమీ కొనలేదు. "పాతదాన్నే పిడి కొస నుంచి నాలుగు వేళ్లంత పైన పట్టుకొని ఆడతాలే చిన్నాయనా" అంది. అలా పడితే బ్యాట్ త్వరగా తిరుగుతుంది గానీ, దూరం బంతి అందదు.

తిరుపతి, చిత్తూరు మిత్రులారా, మీలో ఎవరి దగ్గరైనా తేలికైన బ్యాట్ ఉంటే ఆదివారం వరకు ఇవ్వగలరా? దాంతో ఇంతవరకు బంతినే కొట్టి ఉండాలి.