నాటకాలామె శిఖం

మొన్న వైశాఖంలో ఒక ఉదయం ఇబ్రహీంపట్నం చెరువుకట్ట మీద ఉన్నవాళ్లు వీళ్లు: నేను, నన్ను స్కూటరు మీద తీసుకువచ్చిన మా అల్లుడు, ప్రభుత్వం పంపిన సర్వేయరు, అతని చైన్‌మన్‌లు ఇద్దరు, తువ్వాల నెత్తిన వేసుకుని గొంతుకూర్చున్న ఒక ముసల్మాను రైతు. ఉన్న వస్తువులు: మూడు కాళ్ల మీద నిలబెట్టిన థియోడలైటు, ఎరుపు తెలుపు గీతల కర్ర, సున్నం డబ్బా, ఎడ్లబండి నిండా హద్దురాళ్లు. లేనివి నీళ్లు.

సర్వే శాఖలో ఉద్యోగం చేసి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణని తెలిసి ఆ సర్వేయరు నాకు కుర్చీ వేయించాడు గాని, నా కళ్లు ఇప్పుడు కర్ర మీది అంకెల్ని పట్టలేవు కాబట్టి ఊరికే కూర్చుని వింటున్నాను. కట్టకు ఎదురుగా, పల్లంగా ఉన్న ఒక నల్లటి నేల చెక్కను చూపించి దానికేమైనా పేరుందా అని అతడు రైతును అడిగాడు.

"నాటకాలామె శిఖం అంటరు సారు. మా తాతప్పటి నుంచి గదే పేరు."

"ఎవరామె?"

"నాకేమెరుక. నాటకాలు ఆడేదట."

నాకు ఎరుక. కాని ఎండ ముదురుతున్నది, సర్వేయరుకు పని ఉన్నది, అలాంటి చోట అంత పొడుగు సంగతి ఎత్తుకోవడానికి ఓపిక లేక ఊరుకున్నాను. పెట్రోమాక్సు లైట్ల వెలుగులో చాపల మీద కూర్చుని నాటకాలు చూసిన నా ఈడు వాళ్లు కొందరు ఇంకా ఉన్నారు కదా, వాళ్లకు చెబుదామని ఇప్పుడు రాస్తున్నాను.

అది నిజాం గారి పాలన. నేను పట్నంలో సర్వే చదువు ముగించుకుని, జరీబు గొలుసు పట్టడం కొత్తగా నేర్చినవాళ్లకుండే అతిశయంతో కనబడిన ప్రతిదాన్నీ కొలుస్తూ తిరిగే రోజులు. ఆ నాటకాలామె అంతకు చాలా ఏళ్ల ముందే మా ఊరికి వచ్చింది. కోస్తా వైపు నుంచి వచ్చిన ఒక నాటకాల కంపెనీలో రాణి వేషాలు కట్టేది. మైకులు లేని కాలంలో ఆమె ఎత్తుకున్న పద్యం చివరి వరసలో బండ్ల మీద కూర్చున్నవాళ్లకు కూడా మాట మాటా వినబడేదని పెద్దవాళ్లు చెప్పేవారు, నేనూ విన్నాను, అది అతిశయోక్తి కాదు.

ఆ కాలపు చదివింపుల సంగతి తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. రంగానికీ రంగానికీ మధ్య కంపెనీ కంట్రాక్టరు తెర ముందుకు వచ్చి, ఫలానా పటేలు గారు, ఫలానా సాహుకారు గారు ఈ నటికి వెండి పతకం బహూకరిస్తున్నారని చదివేవాడు. దాత మెట్లెక్కి పతకం గుచ్చేవాడు, జనం చప్పట్లు కొట్టేవారు. ఆ పతకం కంట్రాక్టరు పెట్టెలోదే. దాత ఇచ్చేది దానికి కొద్దిపాటి అద్దె. నాటకం ముగిశాక పతకం మళ్లీ పెట్టెలోకి పోయేది, మర్నాడు మరో ఊళ్లో మరో పెద్దమనిషి దాన్నే గుచ్చేవాడు. ఇందులో మోసం ఉందని ఎవరూ అనుకోలేదు. అందరికీ తెలిసినదాన్ని మోసం అనరు.

మా పెద్దబాపుకు మాత్రం ఈ అద్దె పద్ధతి నచ్చలేదు. ఆయన మా నాన్నకు అన్న, ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలీపటేలు. ఒక ఎండాకాలం ఆమె పద్యాన్ని మూడోసారి పాడించుకుని, ఉన్నట్టుండి లేచి నిలబడి, పతకాలు మీ పెట్టెల ఉంచుకోండి, నేను రెండెకరాల భూమి ఇస్తున్న, చెరువు పక్కది, ఊరంత సాక్షి అన్నాడట. తెల్లవారి ఆమెను వెంటబెట్టుకుని పోయి చూపించాడు కూడా. నల్లటి ఒండ్రు, వేలు గుచ్చితే తడి తగిలే నేల, దాని నిండా పుచ్చతీగలు. ఆమె చెప్పులు విడిచి అందులో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుందని మా అమ్మ చెప్పేది.

ఆ భూమి శిఖం. చెరువు నిండితే మునిగి, ఎండితే బయటపడే నేల. కాగితాల మీద అది సర్కారుది, నీళ్లు తీసినప్పుడు ఎవరు విత్తుకుంటే ఆ ఏటికి వాళ్లది. మా పెద్దబాపు తన తండ్రి విత్తగా చూశాడు, తాను విత్తాడు, అందుచేత అది తనదేనని మనసారా నమ్మాడు. ఇచ్చింది ఎండాకాలంలో, చూపించింది ఎండాకాలంలో, పుచ్చుకున్నదీ ఎండాకాలంలోనే. ఆయన అబద్ధమాడాడని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ తర్వాత ఆమె ఆ భూమిని మళ్లీ చూడలేదు, అందుకు కారణాన్ని నేను చాలా కాలం తర్వాత గాని గమనించలేదు. నాటకాలు ఆడేది కోతలయ్యాక, ఎండాకాలంలో. శిఖం తేలేదీ అప్పుడే. వానలు పడి కంపెనీ మూతపడ్డాక ఆమె మా వాడలో అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇంటికి చేరేసరికి ఆమె భూమి నీళ్ల కింద ఉండేది. నీళ్లు తీసే వేళకు కంపెనీ నుంచి పిలుపు వచ్చేది. చెరువు పక్క పుచ్చకాయలు పండించే చాచా ఆ రెండెకరాలు కూడా తానే విత్తి, ఆమె వంతు లెక్కగట్టి తెచ్చి మా అమ్మకు ఇచ్చేవాడు. అట్లా అన్నేళ్లలో ఆమె తన భూమి మీద నిలబడింది ఆ మొదటిసారే.

ఆమె సంపాదన గురించి రాయాలంటే చేయి సాగదు. పేరు పెద్దది. రాత్రికి ఇంత అని ఇచ్చేవారు గాని, రైలు ఖర్చు, రంగుల ఖర్చు, జరీ చీరల అద్దె పోగా మిగిలింది వానాకాలం సగం దాకా వచ్చేది. తర్వాత కంట్రాక్టరు దగ్గర వచ్చే ఏటికి బయానా తీసుకునేది. బతికినంత కాలం ఆమె ఒక ఏడాది ముందు జీతం తింటూ ఒక ఏడాది వెనక పని చేసింది. గొంతు తగ్గి రాణి వేషాలు పోయి తల్లి వేషాలకు వచ్చాక జీతం తగ్గింది, బయానా తగ్గలేదు. ఒక శ్రావణంలో జ్వరం వచ్చి, పట్నంలో దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే పోయింది.

ఆమె వదిలిపోయినవి: ఒక రేకు పెట్టె, అంచు మాత్రం మిగిలిన పట్టుచీరలు రెండు, పురికొస కట్టిన సవరం, మిరియాలూ తేనే కలుపుకునే ఇత్తడి గిన్నె, అద్దెది కాని నిజమైన వెండి పతకం ఒకటి, తీర్చని బయానా, రెండెకరాల భూమి, ఇరవై ఏళ్ల కూతురు.

కూతురు మా అమ్మ చేతి కింద పెరిగింది, నన్ను అన్న అనేది. తల్లి వేషాల చీరలకు అతుకులు వేసి వేసి మంచి కుట్టుపని నేర్చింది. ఒళ్లు కాలుతున్న జ్వరంతో తల్లి రంగు పూసుకోవడం చిన్నప్పుడు చూసిందట. ముఖానికి రంగు వేయనని అప్పుడే అనుకున్నదట. కర్మకాండ ముగిసిన కొద్ది రోజులకు కంట్రాక్టరు వచ్చి, చాలా మర్యాదగా, బయానా తీర్చాలి, లేదా తల్లి బదులు రెండు ఎండాకాలాలు తాను వేషం కట్టాలి అని చెప్పి, ఫాల్గుణం దాకా గడువిచ్చి వెళ్లాడు. ఆయన్ని చెడ్డవాడని అనలేను. ఆయనకూ అప్పులున్నాయి, ఆయన గొంతూ అరిగింది.

ఆ పిల్ల భూమి అమ్ముదామనుకుంది. కొలిచిపెట్టమని నన్ను అడిగింది. గొలుసు భుజాన వేసుకుని నేను, ఆమె, పెద్దబాపు కట్ట మీదికి పోయాము. చెరువు నిండి అలుగు దూకుతున్నది.

"భూమి యాడుంది పెద్దబాపూ?"

ఆయన గడ్డం ఎత్తి చూపించాడు. "గదే బిడ్డా. గా బాతులు ఈదుతున్న కాడ."

"గవి నీళ్లు."

"కింద భూమి లేకపోతె నీళ్లు యాడ నిలుస్తయి?"

ఆమె నవ్వలేదు. కట్ట మీద కూర్చుని చాలాసేపు ఆ బాతుల్ని చూసింది. దీని బదులు ఎక్కడన్నా ఎకరం మెట్ట చెలక ఇవ్వమని అడిగింది. పెద్దబాపు ముఖం చిన్నబోయింది గాని మాట మారలేదు.

"ఊరందరి ముంగట ఇదిచ్చిన. ఇప్పుడింకోటిస్తె గప్పుడిచ్చింది అబద్ధమైతది. గట్ల నాతోని కాదు."

శిఖానికి పట్టా ఉండదని, కొనేవాడెవడూ రాడని నేను ఆమెకు చెప్పాను. సరే అన్న అని మాత్రం అంది. ఆ చలికాలమంతా ఆమె కుట్టుపని చేసుకుంటూ గడపటం, గడువు దగ్గరపడుతున్న కొద్దీ మా అమ్మ అన్నం సరిగ్గా తినకపోవడం నాకు గుర్తుంది.

ఫాల్గుణంలో కంపెనీ వచ్చి బజారు వెనక డేరా వేసింది. నీళ్లు తీసి శిఖం తేలి ఉన్నది, చాచా పెట్టిన తీగలు పసుపుపచ్చగా పూత మీద ఉన్నాయి. ఆ ఉదయం ఆమె కంట్రాక్టరును అక్కడికి తీసుకుపోయి, ఇదే మా అమ్మ భూమి, నా దగ్గర ఉన్నది ఇదొక్కటే అంది. ఆయన వంగి మన్ను పిడికిట పట్టి వాసన చూశాడు. పంట బాగా వస్తుందా అని చాచాను అడిగాడు.

"ఎండకాలం మస్తొస్తది సాబ్" అన్నాడు చాచా. అది నిజం. వానాకాలం సంగతి ఆయన అడగలేదు.

పొద్దు గూకి లైట్లు వెలిగించగానే, నాటకం మొదలుకాకముందే చదివింపులు పెట్టారు. ముందు వరసలో కుర్చీ మీద పెద్దబాపు, ఆయన వెనక చాపల మీద ఊరు. ఆ పిల్ల తలమీద కొంగు కప్పుకుని మెట్లెక్కి కంట్రాక్టరు చెవిలో ఏదో చెప్పింది. ఆయన గొంతు సవరించుకుని, తన పాత పెద్ద గొంతుతో చదివాడు: పటేలు గారు తల్లికి దయచేసిన చెరువు పక్క రెండెకరాల భూమిని ఈ అమ్మాయి కంపెనీకి సమర్పిస్తున్నారు, దీనితో తల్లి బయానా అంతా చెల్లు, ఇకమీదట ఈ కుటుంబం కంపెనీకి బాకీ లేదు.

ఆ భూమి ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు, చదివినాయనకు తప్ప. నోరు విప్పాల్సినవాడు పెద్దబాపు, విప్పితే తాను ఇచ్చింది నీళ్లని తానే చెప్పుకోవాలి. ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. ఆ పిల్ల ఆయన వంక చూడలేదు, తెర అంచు పట్టుకుని నిలబడింది. అప్పుడు పెద్దబాపు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. వెనకనుంచి ఊరంతా కొట్టింది.

డేరా బయట చాచా పెద్దబాపు పక్కన నడుస్తూ, "పటేలా, నీ భూమి మస్తు తిరుగుతున్నది. ఉన్న జాగల మాత్రం ఉంటలేదు" అన్నాడు. పెద్దబాపు, "నడువ్ నడువ్, నీ పుచ్చకాయలు చూసుకో పో" అన్నాడు.

తెల్లవారి కంట్రాక్టరు అడిగితే ఆ భూమిని నేనే కొలిచాను. నీళ్ల అంచు నుంచి, చెరువులోకి నీళ్లు తెచ్చే కట్టుకాలువ దాకా రెండెకరాల నాలుగు గుంటలు వచ్చింది. వచ్చింది వచ్చినట్టే చెప్పాను. పటేలు గారు చెప్పినదానికంటే ఎక్కువే ఇచ్చారే అని ఆయన సంతోషించాడు.

ఆయన మళ్లీ వచ్చింది భాద్రపదంలో, సర్వీసు మోటారు మీద, భూమిని కౌలుకిద్దామని. కట్ట మీద నిలబడి నీళ్లను చూశాడు. పక్కనున్న చాచా, ఫికర్ చేయకు సాబ్, ఎండకాలం వస్తది అన్నాడట. కంట్రాక్టరు కట్ట మీదే కూర్చుని, దగ్గు వచ్చేదాకా నవ్వి, "ఇన్నేళ్లుగా నాటకాలాడిస్తున్నానండి, ఊరు ఊరంతా తప్పు లేకుండా వేషం కట్టడం ఎక్కడా చూడలేదు" అని, మా ఇంటికి వచ్చి చాయ తాగి పోయాడు. బాకీ మాట ఎత్తలేదు. పదిమందిలో చదివినదాన్ని వెనక్కి తీసుకుంటే ఆ తర్వాత ఆయన చదివే చదివింపులను ఎవరు నమ్ముతారు. భూమి కోసమూ రాలేదు. ఎండాకాలం ఆయనకూ తీరిక ఉండదు.

తర్వాత రాజ్యం మారింది. డేరా వేసిన చోట కొన్నాళ్లకు టూరింగు సినిమా వెలిసింది. ఆ పిల్ల పట్నం పోయి కుట్టుపని మీద బతికింది, పెళ్లి చేసుకుంది, తల్లి వెండి పతకాన్ని చివరిదాకా అమ్మలేదు. ముఖానికి రంగు వేయలేదు. ఆమె పోయి కూడా చాలా ఏళ్లయింది. ఆమె అన్న అని పిలిచినట్టు పిలిచేవాళ్లు ఇప్పుడు నాకు లేరు.

మొన్న ఆ సర్వేయరు నా దగ్గరికి వచ్చి, పెద్దసారూ, ఈ శిఖం ఎన్ని నెలలు మునిగేది అని అడిగాడు. ఎనిమిది నెలలు మునిగేదని, ఆమె దాన్ని ఎప్పుడూ విత్తుకోలేకపోయిందని చెప్పాలనుకున్నాను, ఎనిమిది నెలలు అని మాత్రం చెప్పాను. చెరువుకు నీళ్లు తెచ్చే వాగుల మీద ఇప్పుడు ఆదిభట్ల వైపు నుంచి ప్లాట్లు వేసుకుంటూ వస్తున్నారు. ఆ భూమి పన్నెండు నెలలూ పైనే ఉంటుంది, విత్తేవాళ్లు లేరు, పాడేవాళ్లు లేరు, దాన్ని ఊరందరి ముందూ లేచి ఎవరికైనా ఇచ్చేసే మనిషి అంతకంటే లేడు. పోయేముందు అల్లుడి చేయి పట్టుకుని తూము దాకా నడిచి, అక్కడ అంకెలు చెక్కిన రాతిస్తంభం మీద నీటిమట్టం ఎంతుందో చూసి చెప్పమన్నాను. సున్నా అన్నాడు.